తెలియదు అనే జంతువు

మా ఊళ్ళో దాని పేరు ‘తెలియదు’. అసలు పేరు పలికితే ఇంటికొస్తుందన్న భయంతో ముత్తాతలు ఎవరడిగినా తెలియదు, తెలియదు అని బుకాయించారు. చివరికి అదే పేరై కూర్చుంది. గబ్బిలం చెవులు, ఎలుక పళ్ళు, చింపిరి బొచ్చు, ఎండుపుల్లలాంటి నడివేలు. ఆ వేలు ఎవరివైపు చూపిస్తే వాళ్ళు చస్తారట! పాపం, అది ఆ వేలితో బెరడు తట్టి పురుగులు లాక్కుని తింటుంది, అంతే.

ఆ సంగతి వెలుంజరకి తెలుసు. మడగాస్కర్ తూర్పు అడవిలో కాపలాదారతను. దొరలు ఫొటోలు తీసుకునే, కోతుల్లాంటి తెల్లబొచ్చు లెమూర్లను కాయడమే ఉద్యోగం. అందగత్తెలకే కాపలా మరి! ఈ అనాకారిదాని బొమ్మ ఆఫీసు గోడమీద కూడా లేదు. అయినా తన లవంగం తోటలో గూడు కట్టుకున్నదాన్ని ఆరేళ్ళు ఊరి కంటపడకుండా దాచాడు.

ఆ ఏడు కూతురు లలావుకి జ్వరమొచ్చింది. వెలుంజర పిల్లని భుజానేసుకుని ఏరు దాటి, ఆసుపత్రిలో మాత్రలు తెచ్చాడు. తిరిగొచ్చేసరికి తోటలోని ఆ జంతువు ఇంటి పెరట్లో కొమ్మమీద కూర్చుని ఉంది. భార్య జఫీసువా చూడనే చూసింది.

“ఆరేళ్ళు మేపావుగా! ఇదిగో, నీ పిల్లవైపే వేలు చూపిస్తోంది. ఇంకా గుడ్లప్పగించి చూస్తావేం?”

“మాత్రలు వేశాం కదే. ఒక్కరోజు ఆగు.”

“నేనాగితే పిల్ల ప్రాణం ఆగుతుందా?”

కేకలకి ఊరిపెద్ద కూడా వచ్చాడు. “అల్లుడూ, అడవి తర్వాత కాద్దువుగాని. ముందు ఇల్లు కాచుకో.”

వెలుంజర కర్ర తీశాడు. అది పారిపోలేదు. ఆరేళ్ళుగా చూస్తున్న మనిషే కదా అని కొమ్మ దిగి దగ్గరికొచ్చి వాసన చూసింది. కొట్టాడు. దారిన పోయేవాళ్ళు కీడు పట్టుకుపోవాలని ఆనవాయితీ ప్రకారం కళేబరాన్ని నాలుగుదారుల కూడలిలో గుంజకి వేలాడదీశారు.

మర్నాడు జ్వరం దిగింది. మాత్రల వల్లేనని వెలుంజరకి తెలుసు. వినేదెవరు? కోడిని కోశారు, సారా పోశారు. ఆపైన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంటికి రావడం మొదలెట్టారు. “మామా, మా తోటలోనూ కనబడింది. చెయ్యి తిరిగినవాడివి, నువ్వే రావాలి.” రానంటే, రేపు వాళ్ళ పిల్లలకేమైనా అయితే నింద తనమీదే పడుతుంది. వెళ్ళాడు. నాలుగు ఊళ్ళు తిరిగాడు. ఛీ, ఏం బతుకు!

మూడేళ్ళకి పట్నం నుంచి అధికారి ఊడిపడ్డాడు. చేతిలో ఆ అనాకారిదాని బొమ్మ! ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది మహానుభావులకి.

“ఇక్కడ ఇవి ఎన్ని మిగిలాయండీ?”

“తెలియదు,” అన్నాడు వెలుంజర.

“కాపలాదారు మీరే తెలియదంటే ఎలా?”

కాఫీ తెచ్చిన లలావు బొమ్మ చూసి గలగలా నవ్వింది. “ఇదా! మా నాన్న ఐదింటిని కొట్టాడండీ. మొదటిది నాకోసమే. లేకపోతే నేను చచ్చిపోయేదాన్ని.”

అధికారి కలం ఆగిపోయింది. పిల్ల మొహం గర్వంతో వెలిగిపోతోంది. వెలుంజర తల దించుకున్నాడు. మాత్రల సంగతి అప్పుడూ చెప్పలేకపోయాడు.