యాకమ్మ యాది

వరంగల్ కొత్తవాడలో మొగిలయ్య ఇంటి ముందుగదిని ఒక పెద్ద మగ్గం ఆక్రమించుకుని ఉండేది. నేల మీద పరిచే జంపఖానా వెడల్పుగా ఉంటుంది కనుక ఇద్దరు పక్కపక్కన కూర్చుని, పోగును నడిపే నాడెను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పంపుకుంటూ నేయాలి. మొగిలయ్య భార్య యాకమ్మ, ఆమె తోడికోడలు సమ్మమ్మ అలా ఏళ్ల తరబడి నేశారు. ఏ రంగు తర్వాత ఏ రంగో పలికేది యాకమ్మే.

ఒక వానాకాలంలో యాకమ్మ బావిగట్టు మీద నాచుకు జారిపడింది. తల రాతికి తగిలింది. మిషన్ దవాఖానలో కొన్నాళ్లు స్పృహ లేకుండా పడి ఉంది. కళ్లు తెరిచాక మొగిలయ్యను గుర్తుపట్టి, "బర్రెకు గడ్డేసినవా?" అని అడిగింది. వేశానన్నాడు. అతని సంతోషం ఇంకా తీరకముందే మళ్లీ అదే అడిగింది. ఆ తర్వాత మళ్లీ.

నర్సు సుశీల మంచం పక్కన కూర్చుంది. "అక్కా, మల్లెపూలు, సొరకాయ, ఇత్తడి బిందె. జర యాదుంచుకో" అంది. యాకమ్మ పెదవులు కదుపుతూ ఆ మాటలే అనుకుని, అడగ్గానే తడబడకుండా చెప్పింది. సుశీల మాట మార్చి ఆడపడుచుల సంగతి అడిగింది. యాకమ్మ ఉత్సాహంగా అందరి పేర్లూ చెప్పింది.

"ఇందాక నేను చెప్పినయి ఏంది అక్కా?"

"నువ్వేం చెప్పినవ్? ఇప్పుడే గద వస్తివి."

సుశీల మొగిలయ్యను పక్కకు పిలిచింది. "పాత యాదంత మంచిగనే ఉన్నదన్నా. ఇప్పుడు విన్నది గూడ, అనుకుంటున్నంతసేపు పట్టుకుంటది. మనసు పక్కకు మళ్లిందంటే జారిపోతది. లోపలికి పోయి నిలుస్తలేదు."

ఇక మగ్గం ఎత్తేద్దామన్నాడు మొగిలయ్య. సమ్మమ్మ ఒప్పుకోలేదు. అక్కను తెచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నాడె అందగానే యాకమ్మ చేతులు వాటంతటవే కదిలాయి. రంగులు పలికే పని సమ్మమ్మ తీసుకుంది. "నాలుగు ఎరుపు" అంటే, అవి పూర్తయ్యేదాకా యాకమ్మ ఆ మాటనే లోలోపల జపించేది. వీధిలో ఎవరైనా పలకరిస్తే చాలు, ఆ మాట మనసులోంచి జారిపోయేది.

ఒకనాడు సమ్మమ్మ విసిగిపోయి, "ఎన్నిసార్లు చెప్పాలె!" అని కసిరింది. యాకమ్మ ముఖం చిన్నబోయింది. కాసేపటికి ఆ మాట మరిచి, నవ్వుతూ నాడె అందించింది. సమ్మమ్మ మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేకపోయింది. మళ్లీ ఎన్నడూ కసరలేదు.

చలికాలంలో తొర్రూరు నుంచి యాకమ్మ తల్లి పోయిందని కబురు వచ్చింది. ముగ్గురూ వెళ్లారు. యాకమ్మ తల్లి శవం మీద పడి ఏడ్చింది. కర్మకాండ ముగిశాక ఇంటికి వచ్చారు. మర్నాడు పొద్దున ఆమె తల్లిని తలుచుకుని, "అవ్వను చూసి శాన దినాలాయె. తొర్రూరు పోదమా?" అంది.

మొగిలయ్య నిజం చెప్పాడు. మొదటిసారి విన్నట్టే ఆమె గుండెలు బాదుకుంది. సాయంత్రం మళ్లీ అడిగింది, మళ్లీ విని ఏడ్చింది. ఆ మరునాడూ అంతే.

సమ్మమ్మ ఇక తట్టుకోలేకపోయింది. "బావా, ఇగ చెప్పకు. అవ్వ మనకు ఒక్కపారే సచ్చింది. అక్కకు దినాం సస్తాంది."

"మరి అబద్ధం చెప్పాల్నా?"

"అబద్ధమెందుకు? అవ్వ ముచ్చటే తీద్దాం."

ఆ తర్వాత యాకమ్మ ఎప్పుడు తొర్రూరు మాట ఎత్తినా సమ్మమ్మ, "మీ అవ్వ సర్వపిండి ఎట్ల చేస్తుండె అక్కా?" అని అడిగేది. యాకమ్మ చెప్పేది: పిండిలో పల్లీలు, నువ్వులు ఎట్లా కలిపేది, గిన్నె అడుగున ఎట్లా ఒత్తేది, ముక్క కోసం అన్నదమ్ములు ఎట్లా కొట్లాడేది. చెబుతుంటే ఆమె ముఖం తేటపడేది. ఆ చలికాలమంతా సమ్మమ్మ అదే కథ విన్నది.

ఎండలు ముదిరాక, యాకమ్మ మేనమామ కొడుకు పోశయ్య తన బిడ్డ పెళ్లికి పిలవడానికి వచ్చాడు. "తొర్రూరుకు తప్పక రావాలె" అన్నాడు.

"వస్తం గని, అవ్వ లేని తొర్రూరు నాకేం బాగనిపిస్తది?" అంది యాకమ్మ.

సమ్మమ్మ చేతిలో నాడె ఆగిపోయింది. "అవ్వ లేదని నీకెవలు చెప్పిండ్రక్కా?"

యాకమ్మ ఆలోచించింది. "ఎవలు చెప్పిండ్రో తెల్వది. ఎరుకనే ఉన్నది."

ఆమె ఏడవలేదు. మొగిలయ్య లేచి, తుండుతో ముఖం తుడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లాడు.

పెళ్లిలో యాకమ్మ పాత చుట్టాలందరినీ పేరుపేరునా పలకరించింది. తిరుగు బస్సులో కూర్చునేసరికి, వెళ్లింది ఎవరి పెళ్లికో ఆమెకు గుర్తులేదు. అయినా కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా అక్కడ విన్న పెళ్లిపాట కూనిరాగం తీస్తూనే ఉంది.