నా నడుముకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్

ఏడో తరగతిల బడి మానేసిన నేను బతుకుల ఒకే ఒక్క పరీక్షకు కష్టపడి చదివిన. దాంట్ల గూడ తప్పిన. అడిగింది లెక్కలు గాదు, ఇంగ్లీషు గాదు, నా సొంత నడుము గురించి. ఎంత ఘోరంగ తప్పిన్నో చెప్త, నవ్వుకోండ్రి. నవ్వేటప్పుడు మీ నడుము జాగ్రత్త.

దిల్‌సుఖ్‌నగర్‌ల నాది బ్లౌజుల టైలరింగు. ఇరవై ఏండ్లు మిషన్ మీద వంగి వంగి నా నడుము వంకర హ్యాంగర్ లెక్క తయారయింది. అప్పటికే మూడేండ్ల సంది నొప్పి. గంట కూసుంటే లేవరాదు, లేస్తే మళ్ల కూసోరాదు. పొద్దున వంగి చెప్పులు గూడ ఏసుకోలేను, నా భార్య సువర్ణ తొడిగేది. అప్పటికి నాకు నలభై రెండే. పెండ్లిళ్ల బ్లౌజులన్నీ పక్క షాపుకు పోతున్నయి. కూసోలేని టైలరంటే ఏంది? సూది లేని మిషన్. నొప్పికన్న గా భయమే ఎక్కువ గుచ్చేది.

గట్లాంటప్పుడు వచ్చిండు మూర్తిగారు. వనస్థలిపురంల ఉండే గుంటూరాయన, వాళ్లింటామె బ్లౌజులు తెచ్చిస్తడు. అంతకుముందు గోడ పట్టుకొని కుంటేటోడు, ఆ రోజు నా షాపు మెట్లు టకటక ఎక్కిండు.

"ఏంది సార్, కొత్త కాళ్లు పెట్టించుకున్నరా?"

"వెన్నులో ఇంజెక్షన్ వేయించుకున్నానయ్యా, ఎల్బీనగర్‌లో. స్టెరాయిడ్ అంట. పది రోజుల్లో ఇదిగో, ఇలా."

"నాకు గూడ ఏస్తరా?"

"అందరికీ వెయ్యరు. డాక్టరమ్మ బోలెడు ప్రశ్నలు వేస్తుంది. మనకి సరిపడుతుందో లేదో చూసి చెబుతుంది."

ప్రశ్నలు! మా షాపు చుట్టూ ఎటు చూసినా కోచింగ్ సెంటర్లే. బ్యాంకుకు కోచింగు, పోలీసుకు కోచింగు, టీచరుకు కోచింగు. ప్రశ్నలున్న కాడ కోచింగ్ ఉండాలె అనేది ఈడి గాలిలనే ఉంది. గా గాలి నాకు సోకింది.

"సార్, మీరు ఏమేం జవాబులు చెప్పిన్రో జర నాకు రాయించుండ్రి."

"నా నొప్పీ నీ నొప్పీ ఒకటేనటయ్యా?"

"నడుము నడుమే గద సార్!"

కొలతల పుస్తకంల రాసుకున్న. ఎడమ కాలు. తుంటి నుంచి పిక్క దాక కరెంటు. బొటనవేలు తిమ్మిరి. షుగర్ లేదు. హుక్కులు కుట్టుకుంట నాలుగు రోజులు బట్టీ పట్టిన. నా నొప్పి నడుము దాటి ఎన్నడూ కిందికి దిగలే. షుగరుకేమో రోజూ గోలీలు మింగుతున్న. అయితే ఏంది, పాస్ కావాలె గద!

సువర్ణను ఎంబడి తీసుకొని ఎల్బీనగర్ దవాఖానకు పోయిన. డాక్టరమ్మ అడిగింది. "నొప్పి ఎక్కడండీ?"

"ఎడమ కాలు మేడం తుంటి నుంచి పిక్క దాక కరెంటు బొటనవేలు తిమ్మిరి!" ఎక్కం లెక్క ఒక్క ఊపిరిల అప్పజెప్పిన. సువర్ణ నన్ను ఎవరి మొగుడో అన్నట్టు చూసింది.

"షుగర్ ఉందా?"

"లేదు మేడం."

"పడుకోండి." ఎడమ కాలు తిన్నగ పైకి లేపింది. ఈ ప్రశ్న నా పుస్తకంల లేదు. మెత్తటి పరుపు, చల్లటి ఏసీ, పానం హాయిగ ఉంది. కొంచెం సేపయినంక, నొప్పి పుట్టాలె గదాని యాదికొచ్చి "అమ్మా!" అని అరిచిన. అప్పటికే ఆమె నా కాలు కింద పెట్టి చేతులు తుడుచుకుంటుంది.

"మీరు తెచ్చిన ఎమ్మారై ఫిల్ములో కాలి నరం మీద ఒత్తిడి ఏమీ కనపడట్లేదు. నిజం చెప్పండి, నొప్పి ఎక్కడ?"

సువర్ణ సంచిలకెల్లి షుగర్ గోలీలు తీసి టేబుల్ మీద పెట్టింది. "కాలు గాదు మేడం, ఉత్త నడుమే. మూడేండ్ల సంది పక్కల ఎట్ల మసులుతడో నాకెర్క. షుగర్ గూడ ఉంది."

డాక్టరమ్మ పెన్ను పక్కకు పెట్టింది. "ఈ ఇంజెక్షన్ ముఖ్యంగా కాల్లోకి పాకే నరం నొప్పికండీ. అది కూడా కొన్ని వారాలో, కొన్ని నెలలో ఉపశమనం, అంతే. మీ నొప్పికి పెద్దగా పనిచెయ్యదు. పైగా ఇది వేస్తే షుగర్ పెరుగుతుంది. ఆ మాట దాచి వేయించుకునుంటే..." అని ఆగింది. ఆగిన కాడ నాకు చెమట పట్టింది.

ముందు షుగర్ తగ్గించుకొమ్మన్నది, కసరత్తు చెయ్యమన్నది, మిషన్ ఎత్తు పెంచి అరగంటకోసారి లెవ్వమన్నది. చేస్తున్న. నొప్పి కొంచెం తగ్గింది గని పోలే, నాతోనే కిరాయికి ఉంటుంది.

ఆ రోజు మాత్రం బయట బెంచీ మీద కూలబడ్డ. ఇంజెక్షన్ మీదనే ఆశ పెట్టుకున్న మనిషిని. ఏడ్పొచ్చింది. నవ్వుకోండ్రి అన్న గని, ఈ ఒక్క కాడ నవ్వకుండ్రి. జేబుల ఉన్న కొలతల టేపు మీద చెయ్యి పెట్టి గట్టిగ ఒట్టేసిన: "ఇగ ఈ జన్మల నా నొప్పికి ఇంకొకరి కొలత తియ్య!"

డాక్టరమ్మ గది ముందు ఇడిసిన చెప్పులు తెచ్చి, వంగి నా కాళ్లకు తొడుగుకుంటనే సువర్ణ అన్నది:

"సదువుకోకపోతివి, సరే. మూడేండ్లు నొప్పి నువ్వే పడితివి గదనయ్యా. గా ఒక్క జవాబన్న పక్కోనిది చూసి రాయకుంటే కాదా?"