ఎనిమిది మంది ఎక్కిన ఆటో

టీచరు గారు పోయారని నాకు రామచంద్రపురం ఆటో స్టాండులో తెలిసింది. నా బండి అప్పటికి సగం నిండింది. వెనకబండి డ్రైవరు వచ్చి భుజం మీద చెయ్యేసి చెప్పాడు. మామూలుగా వాడి మాట నేను నమ్మను, నా మాట వాడు నమ్మడు. ఆ పొద్దున మాత్రం వాడి మొహం చూసి, ఎక్కినవాళ్ళందర్నీ వాడి బండిలోకి పంపేశాను.

ఆవిడ పక్క ఊరి బడిలో చిన్న తరగతులకు చెప్పి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి నా ఆటోలోనే వెళ్ళొచ్చారు. ఆవిడని ఆటపట్టించనిదే నాకు తెల్లారేది కాదు. ఒకసారి బండి నిండా జనం ఉండగా, "టీచరు గారు ఎక్కారండి, లెక్కలు రానివాళ్ళు దిగిపోండి" అన్నాను. ఆవిడ గొడుగు మడుచుకుంటూ, "అయితే ముందు నువ్వు దిగాలి నాయనా. మరి బండి ఎవరు తోలతారు?" అన్నారు. ద్రాక్షారామం దాకా జనం నవ్వుతూనే ఉన్నారు.

మా చిన్నమ్మాయి రెండో తరగతి. కూడిక అంటే వేళ్ళు, వేళ్ళు చాలకపోతే ఏడుపు. క్లాసులో నవ్వుతున్నారని బడికే వెళ్ళనని మంచం కోడు పట్టుకుంది. మా వీధి చివర కాలవ పక్కనే టీచరు గారి ఇల్లు. అప్పటికే ఆవిడకి గుండె జబ్బు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా సాయంత్రాలు పంపమన్నారు. నేను దాని వేళ్ళ మీద కొట్టబోతే కేకలేశారు. "వేళ్ళు మడిస్తే తప్పేంట్రా? చెప్పుల్లాంటివవి. గుమ్మం దాకా తీసుకొస్తాయి. లోపలికొచ్చాక తనే విడిచేస్తుంది."

ఇక ఆవిడ చెప్పిన పద్ధతి నా బండి చూసి నేర్చిందే. పోలీసువారు ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నాను, నా ఆటో పది మంది ఎక్కితేగాని కదలదు. ఒక బండిలో ఎనిమిది మంది, వెనక బండిలో అయిదుగురు ఉన్నారనుకో అన్నారు టీచరు గారు మా పిల్లతో. ముందు బండివాడు ఏం చేస్తాడు? వెనక బండిలోంచి ఇద్దర్ని లాక్కుంటాడు. పది నిండింది, వెళ్ళిపోయింది. వెనక ముగ్గురు. మా పిల్లకి ఇది వెంటనే పట్టుబడింది. స్టాండులో పుట్టిపెరిగిన పిల్ల మరి.

పట్టుబడింది గానీ కొంప మునిగింది. బడినుంచి క్లాసు టీచరు ఫోన్ చేసి, "మీ అమ్మాయి ఎనిమిదీ అయిదూ కలిపితే మూడు అంటోందండి. వచ్చే ఏడు కూడా ఈ క్లాసులోనే ఉంచితే మంచిది" అన్నారు. ఎలా వచ్చిందే అని అడిగితే, ఆ పది మందీ వెళ్ళిపోయారుగా నాన్నా, ఉన్నది ముగ్గురేగా అంది.

ఈ సంగతి చెబితే టీచరు గారు దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత దాన్ని దగ్గరికి తీసుకుని నిదానంగా చెప్పారు. "వెళ్ళిన ఆటో ఊళ్ళోంచి వెళ్ళిందమ్మా, లెక్కలోంచి వెళ్ళలేదు. వాళ్ళనీ కలుపుకోవాలి." పరీక్షలయ్యేదాకా ఆగండని ఆవిడే క్లాసు టీచరుకి ఫోన్ చేసి అడిగారు. ఆ పరీక్షలు ఇంకా రాలేదు. ఆవిడ ఆగలేదు.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నమంతా వాళ్ళింట్లోనే కూర్చుని, బడి వదిలే వేళకి ఇంటికొచ్చాను. పిల్లకి ఇంకా తెలియదు. వీధిలోంచే అరుచుకుంటూ వచ్చింది. "నాన్నా, ఏడూ ఆరూ అడిగారు. ఆటో ఎక్కించలేదు. ఆరూ ఆరూ పన్నెండు కదా, ఇంకొకటి వేసుకున్నాను. మా క్లాసు టీచరు బోర్డు దగ్గర నిలబెట్టి అందరికీ చెప్పించారు."

అలా చెయ్యమని ఎవరు చెప్పారే అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. నాకే వచ్చింది. టీచరు గారికి చెప్పొస్తా."

ఆపుదామనుకున్నాను. అది అప్పటికే కాలవ గట్టు ఎక్కేసింది, వీపు మీద బడి సంచి ఎగురుతోంది. వీధి చివర టీచరు గారి ఇంటి ముందు షామియానా కడుతున్నారు. అది చూసి ఏదో ఫంక్షన్ అనుకుందో ఏమో, ఇంకా వేగంగా పరిగెత్తింది.