మగ్గం గుంతలో నడిచిన దూరం

మా తోటి రెఫరీలంతా ఒకరి వెనక ఒకరు జీపీఎస్ వాచీలు కట్టేశారు. నేనొక్కణ్ణే రెండు చేతులకీ రెండు పాత గడియారాలు పెట్టుకుని ఫుట్‌బాల్ మైదానంలోకి దిగేవాణ్ణి. ఒకటి ఆగకుండా తిరిగేది. రెండోది, ఎవడైనా దెబ్బ తగిలి పడిపోతే ఆపడానికి. ఒక ఆటలో ఆపినదాన్ని మళ్ళీ నడిపించడం మరిచిపోయి రెండు జట్లతోనూ తిట్లు తిన్నాను. ఆ దెబ్బకి విసుగొచ్చి నేనూ వాచీ కొన్నాను. అందులో రెఫరీల కోసమే చేసిన యాప్ ఉంటుంది. సగం ఆట కాగానే మణికట్టు మీద జివ్వున అదురుతుంది. ఆట ఆగిన సమయాన్ని తనే లెక్క కట్టుకుంటుంది. అంతా అయ్యాక మనం ఎంత పరుగెత్తామో, మైదానంలో ఏ మూలకు వెళ్ళామో, ఏ మూలకు వెళ్ళలేదో ఫోన్లో గీతలు గీసి మరీ చూపిస్తుంది.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. నా ఈడు నేతగాళ్ళు మోకాళ్ళు పట్టుకుని లేస్తారు, నడుము పట్టుకుని పడుకుంటారు. నేను మాత్రం కాలేజీలో ఆడిన ఫుట్‌బాల్ పుణ్యమా అని, ఆదివారం వస్తే విజిల్ మెడలో వేసుకుని హిందూపురమో పెనుకొండో పోయేవాణ్ణి. ఉన్నమాట చెప్పాలంటే, వారమంతా ఆ గుంతలో కూర్చోగలిగింది ఆ ఒక్క పూట కోసమే. మైదానంలో నేను కూర్చునే మనిషిని కాను. నేను విజిల్ వేస్తే ఇరవై రెండు మంది ఎక్కడివాళ్ళక్కడ ఆగేవాళ్ళు. ఇంట్లో, వీధిలో, చీరలు కొనే షావుకారు దగ్గర, నా మాటకు ఆగినవాడు ఒక్కడుంటే చూపించండి.

వాచీ కట్టిన మొదటి వారమే ఒక వింత జరిగింది. నేను మగ్గంలో ఉండగానే, ఇంకా మధ్యాహ్నం కాకముందే అది అదిరింది. చూస్తే ఈ రోజు నడవాల్సింది నడిచేశావు, శభాష్ అని తెర మీద టపాకాయలు కాలుస్తోంది. నా భార్య పక్కనే పట్టుదారం కండెలు చుడుతోంది.

"ఏమంటాది అది?" అంది.

"బత్తలపల్లి దాకా పోయొచ్చినానంట."

"లెయ్యకుండానే పోయొస్తివా? మంచి కాళ్ళే సామీ నీవి!"

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. ఎందుకు కాకూడదు? పొద్దున్నుంచి కాళ్ళతో మగ్గం తొక్కుతూనే ఉన్నాను కదా. రోడ్డు మీద తొక్కితే నడక, గుంతలో తొక్కితే నడక కాదా? పరదేశం వాడు ఎవడో ఇంత తెలివిగల వాచీ చేశాడు, వాడికి తెలియదా?

అప్పట్నుంచి అదొక ఆట అయింది మాకు. దీపాలు పెట్టే వేళకు ఆమె చేతిలో కండె కింద పెట్టి, "ఏం సామీ, ఈ పొద్దు యాడిదాకా పోతివి?" అనేది. నేను వాచీ చూసి దూరాలన్నీ కూడి చెప్పేవాణ్ణి. ఒక వారం పెనుకొండ దాటాను. ఇంకో వారం హిందూపురం. తర్వాత మడకశిర మీదుగా రొళ్ల, అక్కణ్ణుంచి అమరాపురం. "ఇంగ చాలు, ఆగు. అవతల కన్నడమోళ్ళ సీమ. ఆడ తప్పిపోతే నిన్ను ఎవురు తెస్తారు?" అనేది ఆమె. నవ్వితే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ నవ్వు కోసమైనా ఇంకో చీర ఎక్కువ నేద్దామనిపించేది.

అంతకుముందు నేను రోజూ తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తేవాణ్ణి. పెళ్ళి చీరల తొందర వచ్చి పడింది. వాచీ ఎలాగూ శభాష్ అంటోంది. పరుగు ఒక రోజు మానాను, రెండు రోజులు మానాను, తర్వాత దాని ఊసే ఎత్తలేదు.

మా రెఫరీలకు పెద్దాయన హిందూపురంలో ఉంటారు. బడిలో ఆటలు నేర్పే మాస్టారు. ఎవరు ఏ ఆటకు పోవాలో ఆయనే చెప్తారు. ఏడాదికోసారి పెనుకొండలో మా అందరికీ పరుగు పరీక్ష పెట్టేదీ ఆయనే. "ఈసారి జాగ్రత్తబ్బా. ఈ తూరి తప్పితే మన వయసోళ్ళను ఇంగ పిల్చరు. పేరు తీసేస్తారు," అని నాకు ముందే చెప్పారు. నేను మణికట్టు చూపించాను. దినదినం ఎంత నడిచానో ఫోన్లో తీసి చూపించాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, భుజం తట్టి, హిందూపురంలో జరిగే ఫైనల్ నాకే ఇచ్చారు.

ఆ ఫైనల్లో హిందూపురం జట్టు ఒక గోల్ ముందుంది. వాచీ అదిరింది. నిర్ణీత సమయం అయిపోయింది, ఆగిన సమయం కొంచెం మిగిలింది. అప్పుడు పెనుకొండ వాళ్ళు వెనకనుంచి పొడుగ్గా ఒక బంతి కొట్టారు. నేను మైదానం నడిమధ్యలో ఉన్నాను. పరుగెత్తాలనుకున్నాను. కాళ్ళు లేవలేదు. మనసు ముందుకు పోయింది, మోకాళ్ళు అక్కడే ఉన్నాయి. బంతి గోల్ పైకర్రకు తగిలి కింద పడింది, గోల్‌కీపర్ దాన్ని లాక్కుని పొట్టకు అదుముకున్నాడు. గీత దాటిందా? ఇవతలే పడిందా? దేవుడి మీద ఒట్టు, నాకు కనబడలేదు. గీత దగ్గర జెండాలు పట్టుకున్నవాళ్ళు రెండు జట్ల మనుషులే, ఎవడి మాట వాడిది. గోల్ కాదన్నాను. ఆట అయిపోయింది.

పెనుకొండ కెప్టెన్ నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గోల్ కాదంటే కాదులే సార్. అది చెప్పేటప్పుడు నువ్వు యాడుండావు సార్?" అన్నాడు.

విజిల్ మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాను.

బయట టీ కొట్టు బల్ల మీద కూర్చుని మాస్టారు నా ఫోన్ అడిగారు. తెర మీద మైదానం బొమ్మ. నేను తిరిగిన గీతలన్నీ మధ్యలోనే, చిక్కుపడిన పట్టు ఉండలా, ఒకదాని మీద ఒకటి. రెండు గోల్ పోస్టుల దగ్గరా శుభ్రంగా ఖాళీ. ఆయన ఆ ఉండ మీద వేలు పెట్టి, "మరి దినామ్మూ అంతంత దూరం నడుస్తాండావు కదబ్బా?" అన్నారు.

"మగ్గం తొక్కుతా కదా సార్. కూచున్నచోటే బత్తలపల్లి దాకా పోతాండా."

ఆయన నా వాచీ విప్పి తన చేతికి కట్టుకున్నారు. బల్ల మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, మగ్గంలో పోగు మోసే నాడెను విసిరినట్టుగా చెయ్యి అటూ ఇటూ ఊపారు. అంకె పెరిగింది. మళ్ళీ ఊపారు. మళ్ళీ పెరిగింది.

"చూస్తివా? నేను గూడా బత్తలపల్లికి పోతాండా," అన్నారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. "అది ఎంచేది కాళ్ళు కాదబ్బా. చెయ్యి."

థూ, నా బతుకు! అన్ని నెలలు నేను ఎక్కడికి పోయాను? రొళ్ల లేదు, అమరాపురం లేదు. అదే గుంత. నాడె పోయింది, వచ్చింది. నేను కదల్లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, మర్నాటి నుంచి నేను చేసింది అదే. తెల్లవారుజామున బత్తలపల్లి రోడ్డెక్కాను. ఊరి చివరి ఇళ్ళు దాటకముందే రొప్పు. మోకాళ్ళు ఉబ్బాయి. ఆమె ఉప్పు కాపడం పెట్టింది. మాస్టారు చేయి ఊపిన సంగతి ఆమెకు చెప్పలేదు నేను. సాయంత్రం అడిగితే ఏదో ఒక ఊరు పేరు చెప్పేస్తూనే వచ్చాను. ఆ నవ్వు కూడా పోతే ఇంక ఇంట్లో ఏముంటుంది?

పెనుకొండ పరీక్ష నాడు పొద్దున, కొండ మీది ఎండ అప్పుడే మైదానంలోకి దిగుతోంది. కొంత దూరం పరుగు, కాస్త నడక, మళ్ళీ పరుగు. మాస్టారు విజిల్ వేసేలోగా గీత దాటాలి. మొదట్లో దాటాను. తర్వాత కుర్రవాళ్ళ వీపులు కనిపించాయి. తర్వాత అవీ దూరమయ్యాయి. ఒకసారి తప్పాను. రెండోసారి తప్పితే అయిపోయినట్టే. పళ్ళు బిగించి, కాళ్ళు రాకపోయినా చేతులైనా ఊపుకుంటూ పోయాను. నేను గీతకు అల్లంత దూరాన ఉండగానే విజిల్ పడింది. మోకాళ్ళ మీద కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే వాచీ అదిరింది. శభాష్, టపాకాయలు.

మాస్టారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఒక మనిషిని పంపించేసే మాట ఎంత మెల్లగా చెప్పొచ్చో ఆ రోజు తెలిసింది. "ఇంటికి పోబ్బా. ఎండ ముదరకముందే బస్సుంది," అన్నారు. అంతే.

మర్నాడు వాచీ విప్పి గూట్లో పెట్టి గుంతలో దిగాను. కండెలు చుట్టే ఆమెకు అంతా తెలుసు. ముఖం చూసినప్పుడే తెలిసి ఉంటుంది. పొద్దంతా నేశాను. నాడె పోయింది, వచ్చింది. ఎవరూ శభాష్ అనలేదు. దీపాలు పెట్టే వేళకు ఆమె అలవాటుకొద్దీ కండె కింద పెట్టి నోరు తెరిచింది. వాచీ లేని నా చెయ్యి చూసి మళ్ళీ మూసుకుంది.

అడగని మాటకు నేనే జవాబు చెప్పాను.

"యాడికీ పోలే. ఈడనే ఉండా."