మా యూనివర్సిటీ పేరు, మా వదిన పేరు

మా వదిన పోయిన సంగతి నాకు యూనివర్సిటీ వరండాలో తెలిసింది. ఎకనామిక్స్ స్టాఫ్ రూము ముందు పిల్లలు గుంపుగా నిలబడి ఏడుస్తున్నారు. ఆమె ఎకనామిక్స్ చెప్పేది, నేను తెలుగు. ఆస్పత్రి నుంచి అన్న ముందు ఆమె డిపార్టుమెంటుకు ఫోన్ చేశాడట. సొంత ఆడబిడ్డను, అయినా నాకు కబురు వాళ్ల తర్వాతే అందింది. ఆ దుఃఖంలోనూ నాకు కుళ్లు పుట్టింది. నేను పోతే నా గది ముందు ఇట్లా నిలబడేవాళ్లు ఉంటారా అనుకున్నాను.

ఈ అసూయ నిన్నామొన్నటిది కాదు, ఆమె మా గడప తొక్కిన నాటిది. మేం ఆలూరు నుంచి వచ్చి కర్నూలులో స్థిరపడ్డవాళ్లం. ఆమెది ఎర్రగుంట్ల. ఆమె పేరూ మా అమ్మ పేరూ ఒకటే. కోడల్ని కసిరితే అత్తగారి పేరు పెట్టి కసిరినట్టవుతుందని మా వాళ్లు పెళ్లినాడే ఆమె పేరు మార్చారు. కొత్త పేరుకు పలకడం ఆమెకు చాతకాలేదు. వంటింట్లోంచి అమ్మ ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. "ఈ పిల్లకు చెవుడేమో, సరిగ్గా ఇచారించుకుంటిరా?" అని అమ్మ నాన్నను నిలదీసింది. వీధిలోంచి ఎవరైనా అమ్మను పేరు పెట్టి కేకేస్తే మాత్రం వదిన "వస్తాండా" అంటూ ముందు ఉరికేది. గడప దగ్గర ఇద్దరూ ఎదురుపడి పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వులోకి నన్ను ఎవరూ పిలవలేదు.

పల్లెల నుంచి వచ్చే పిల్లల కోసం వదిన డబ్బా నిండా ఉగ్గాని తెచ్చేది. క్షణంలో ఖాళీ. నేనూ ఒకసారి తెచ్చాను. "తినేసినాం మేడమ్" అన్నారు.

మా యూనివర్సిటీదీ పేర్ల గోలే. మొదట అది పీజీ సెంటరు. యూనివర్సిటీ అయినప్పుడు ఊరి పేరు పెట్టారు. తర్వాత అది తీసేసి ఒక పెద్దమనిషి పేరు పెట్టారు. అదీ బాగాలేదు, ఇంకోటి పెడదామని పోయినేడు మొదలుపెట్టారు. ఆటోవాళ్లు మాత్రం నేటికీ "పీజీ సెంటర్, పీజీ సెంటర్" అనే అరుస్తారు.

ఆ రోజుల్లో వదిన జొన్న రొట్టె తడుతుంటే పక్కన కూర్చుని నేనే అన్నాను: "పేరు పెట్టేటోళ్లకు ఒక పూట పని వదినా. పలకడం అలవాటు చేసుకోవాల్సింది బిడ్డ గదా." ఆమె రొట్టె తట్టడం ఆపి నవ్వింది. తర్వాత అధ్యాపకుల సమావేశంలో లేచి నిలబడింది.

"సార్, నాకు పెండ్లిలో పేరు మార్చినారు. పలకడం నేర్చుకునేకి శానా కష్టమాయె. మన పిల్లోళ్లు ఇంటర్వ్యూలకు పోతే, ఈ యూనివర్సిటీ యాడుండాది, ఎప్పుడూ ఇనలేదే అంటాండారంట. పేరు పెట్టేటోళ్లకు ఒక పూట పని. పలకడం అలవాటు చేసుకోవాల్సింది బిడ్డ గదా?"

చప్పట్లు మోగాయి. ఆ ప్రతిపాదన ఆగిపోయింది. బయటికొచ్చాక, "నీ మాట బాగా పనికొచ్చింది" అని నా చెయ్యి నొక్కింది. ఆ ముక్క నలుగురిలో అనుంటే నీ సొమ్మేం పోయేది వదినా?

పేరు మార్పు మాట ఇప్పుడు మళ్లీ లేచింది. సంతాప సభలో వక్తలంతా "మేడమ్ గారు అన్నట్టు" అంటూ ఆ వాక్యాన్నే ఎత్తుకున్నారు. అది నాదని చెప్పడానికి సగం లేచి, మళ్లీ కూర్చున్నాను. నేనంటే అది చమత్కారం, ఆమె అంటే అనుభవం. ఆ తేడా నాకు తెలుసు, తెలిసినా కుళ్లు చల్లారదు. నన్నడిగితే పేరు మార్చొద్దనే అంటాను. ఇప్పుడిప్పుడే ఆ పేరున్న సర్టిఫికెట్టు చూసి బయటివాళ్లు తలూపుతున్నారు.

పెద్దకర్మ నాడు పురోహితుడు వదిన పేరడిగాడు. అన్న మా ఇంటి పేరూ, మేం పెట్టిన పేరూ చెప్పాడు. వదిన తమ్ముడు ఒప్పుకోలేదు.

"ఏం బావా, మా అమ్మానాయన పెట్టిన పేరు యాడికి పోయింది? పోయేటప్పుడన్నా మా అక్కను సొంత పేరుతో పోనీయండి."

అందరూ అమ్మ వైపు చూశారు. ఆ పేరు గల అమ్మ బతికుంది, ఎదురుగానే కూర్చునుంది. ఆమె పేరు చెప్పి పిండం పెట్టడం ఎట్లా?

"నా మొగం చూస్తాండారేమప్పా? ఆ పేరు ఆ బిడ్డది. చెప్పండి" అంది అమ్మ.

"నువ్వుండగా ఎట్లమ్మా?" అన్నాడు అన్న.

"నేనుంటే ఏమి? నా కోసరమే గదా ఇన్నేండ్లు పక్కన పెట్టుకున్యాది. ఇచ్చేయండి."

నా కూతురు పుట్టినప్పుడు ఆ పేరు పెట్టుకుంటానని అమ్మను ఎంతో బతిమాలాను. "నేను పోయినాక పెట్టుకోపో" అని కొట్టిపారేసింది. నా బిడ్డకివ్వని పేరు కోడలికి ఇచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం ఏడుస్తున్నానో అడిగితే ఆ క్షణాన చెప్పలేకపోయేదాన్ని.

అన్న కొడుకు నువ్వులూ నీళ్లూ వదులుతూ ఆ పేరు పలికాడు. అమ్మ చెవుల మీది కొంగు వెనక్కి నెట్టుకుని, ముందుకు వంగి వింది.