బుధవారం దగ్గర ఆగిన లెక్క

ఓడలో ఎంత సరుకుందో ఓడను తూచకుండా చెప్పడం నా పని. అది నీళ్ళలో ఎంత దిగిందో చూసి చెప్పాలి. విశాఖ రేవులో నా జీవితంలో సగం ఆ పనిలోనే గడిచింది. నాలో కూడా ఒక బరువుంది. ఎన్నో ఏళ్ళుగా ఉంది. పైకి మామూలుగానే తిరుగుతాను, నవ్వుతాను, ఆదివారం గుడికి వెళ్తాను. ఎంత దిగి నడుస్తున్నానో నాకొక్కడికే తెలుసు.

ఆ బరువేమిటో మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

ఇన్నాళ్ళూ దాన్ని పొరపాటు అనుకుంటూ వచ్చాను. లెక్కలు చేసేవాడికి పొరపాట్లు రాకుండా ఉంటాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ పొరపాటు అంటే తెలియక చేసేది. నాకు తెలియదా?

నేను పెద్దగా చదువుకోలేదు. తొమ్మిదో తరగతితో బడి మానేశాను. లెక్కలంటే మాత్రం పిచ్చి. పాత పుస్తకాల దుకాణాల్లో దొరికిన పంచాంగాలూ, ఖగోళ గణితం మీద అట్టలూడిన పుస్తకాలూ కొనుక్కుని, ఎన్నో వందల ఏళ్ళ వెనకటి అమావాస్య ఏ వారం నాడు వచ్చిందో కాగితం మీద కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. మాది రెండు తరాల క్రైస్తవ కుటుంబం. పంచాంగాలతో నీకేం పనని మా ఆవిడ నవ్వేది. చంద్రుడికి మతం లేదు కదా అనేవాణ్ణి.

మా సంఘంలో నన్ను లెక్కల మాస్టారనేవారు. ఒకసారి ఈస్టరుకు ముందు పాస్టరుగారు నా చేత ప్రసంగం చేయించారు. ఏసుప్రభువును శుక్రవారం సాయంత్రం సమాధి చేస్తే, ఆయన ఆదివారం తెల్లవారి లేచేసరికి మూడు రోజులెలా అవుతాయని కుర్రాళ్ళు అడుగుతున్నారట. నేను లేచి చెప్పాను. ఆ కాలంలో ఆ దేశంలో రోజులో కొంచెం భాగమున్నా దాన్ని ఒక రోజుగానే లెక్కపెట్టేవారు. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. పాత గ్రంథాన్ని మన గడియారంతో కొలవకూడదు, రాసినవాళ్ళ లెక్కపద్ధతి ముందు తెలుసుకోవాలి. అందరూ బాగుందన్నారు. నాకూ బాగుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనే మర్చిపోయాను.

ఓడకు ముందూ వెనకా నడుమా, రెండు పక్కలా అంకెలు గీసి ఉంటాయి. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి, నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసుకోవాలి. నన్ను తిప్పే పడవ అప్పలనాయుడిది. నా ఈడువాడే. రేవుకు దక్షిణంగా ఒక పల్లెటూరు వాళ్ళది. వ్యవసాయం చాలక పడవ పనికొచ్చాడు. నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి. నా లెక్కకూ ఓడ ఆఫీసరు లెక్కకూ తేడా వస్తే ఓడ అబద్ధమాడిందని ఎవరం అనం. బకెట్టు దించి నీళ్ళు తోడి చూస్తాం. వానాకాలంలో వాగుల, గెడ్డల నీళ్ళు కలిసి రేవులో ఉప్పు తగ్గుతుంది. అలాంటి నీళ్ళలో ఓడ కాస్త ఎక్కువ దిగుతుంది. తేడా ఓడలో ఉండదు, మనం లెక్కలోకి తీసుకోని నీళ్ళలో ఉంటుంది. ఈ పనిలో నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఒకరోజు పడవలో అప్పలనాయుడు నన్ను ఆటపట్టించాడు.

"బావా, మీ పుస్తకంలో ఏసు కత నలుగురు రాసినారంట. ఒకడి లెక్క ఇంకొకడికి కుదరదంట కదేటి?"

"ఓడకి ముందున్న అంకె, వెనకున్న అంకె ఒకటేనా? నలుగురు నాలుగు చోట్ల నిలబడి చూశారు. అన్నీ అచ్చంగా ఒకేలా ఉంటే అప్పుడు అనుమానపడాలి."

"ఓలమ్మ, ఎంత తెలివి! మా తాటాకు గురించి ఎవులైనా అంటే నానూ ఇదే సెప్తాను. నువ్వు మాత్రం నవ్వకూడదు మరి."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ 'కుదరదంట కదేటి' అన్న మాట ముల్లులా నాలో ఉండిపోయింది. అతనిది ఉత్త వేళాకోళం. అది తెలిసి కూడా ఎందుకు దాచుకున్నాను?

ఆ తాటాకు సంగతి. వాళ్ళ ఊళ్ళో చిన్న శివాలయం ఉండేది. రాతి గుడే కానీ ఏటా వేసిన సున్నం కింద రాయి కనిపించేది కాదు, శాసనమూ లేదు. పూజారి ఇంట్లో తాటాకుల మీద స్థలపురాణం ఉండేది. లింగం భూమిలోంచి దానంతటదే పైకి వచ్చిందనీ, కొండ మాట్లాడిందనీ, రాజుగారికి లక్ష ఏనుగులుండేవనీ అందులో ఉంది. వాటి నడుమ ఒకచోట మామూలు మాట ఒకటుంది. శక సంవత్సరం ఇంత, ఆశ్వయుజ అమావాస్య, ఆదివారం, సూర్యగ్రహణం వేళ, రాణి ఈ గుడిలో దీపానికి భూమి ఇచ్చింది.

ఉక్కు కర్మాగారం కోసం ఆ వైపు ఊళ్ళు ఖాళీ చేయిస్తున్న రోజులవి. అప్పలనాయుడి ఊరు కూడా అందులో ఉంది. పాత కట్టడాల సంగతి చూసి వెళ్ళడానికి ఒక అధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇంకా ఎన్నో ఊళ్ళు తిరగాల్సినవాడు. గుడి ప్రాచీనమైనదని ఆధారం చూపిస్తే, రాళ్ళకు గుర్తులు పెట్టి విప్పి, కొత్త కాలనీలో అదే గుడిని మళ్ళీ నిలబెట్టమని రాస్తానన్నాడు. లేకపోతే కాలనీలో సిమెంటు గుడి కట్టిస్తారు. ఆధారంగా పూజారి ఆ తాటాకు చూపించాడు. పురాణాన్ని పట్టుకుని చరిత్ర అని ఎలా రాయనని అధికారి తలపట్టుకున్నాడు.

అప్పుడు అప్పలనాయుడు నా పేరు చెప్పాడట. "మా బావున్నాడండి. ఆడు లెక్క కడితే ఓడ సయితం నోరు మూసుకుంటాది" అన్నాడట.

నేను ఆ తేదీ రాసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఏనుగుల జోలికీ, మాట్లాడిన కొండ జోలికీ పోలేదు. గణితానికి అందేది ఆ ఒక్క వాక్యమే. మూడు సంగతులున్నాయి: అమావాస్య, వారం, గ్రహణం. మూడూ ఒకేచోట కలిస్తే, ఆ వాక్యం ఎవరో తోచినట్టు అల్లింది కాదనీ, ఏదో పాత దస్తావేజులోంచి పురాణంలోకి వచ్చిందనీ చెప్పవచ్చు. కట్టాను. ఆ ఏడు ఆశ్వయుజ అమావాస్య బుధవారం వచ్చింది. గ్రహణం లేదు.

ఇక్కడే నన్ను నేను పట్టుకోవాలి. ఆ బుధవారం రాగానే నా మనసులో ఏం జరిగింది? బాధ కలగలేదు. చిన్న సంతోషం కలిగింది. కుదరలేదు కదా, అనుకున్నాను.

ఇంకొకటి కూడా జరిగింది. దాన్ని ఇన్నేళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. శక సంవత్సరాలను కొన్నిచోట్ల నడుస్తున్న ఏడుతోనూ, కొన్నిచోట్ల నిండిన ఏళ్ళతోనూ రాసేవారని నా దగ్గరున్న పుస్తకంలోనే ఉంది. పిల్లవాడికి అయిదేళ్ళు నిండాయంటే ఆరో ఏడు నడుస్తున్నట్టు కదా, అలాగే. తాటాకులోని అంకె నిండిన ఏళ్ళదైతే నేను చూడాల్సింది మరుసటి ఏడు. ఆ వాక్యం నాకు ఆ సాయంత్రమే గుర్తొచ్చింది. పెన్సిలు చేతిలోనే ఉంది. మరుసటి ఏడు కట్టడానికి ఎంతసేపు పడుతుంది? నేను కట్టలేదు. కాగితం మడిచి, భోజనానికి పిలుస్తున్నారని లేచాను. నిజానికి ఎవరూ పిలవలేదు.

గుడి మంటపంలో ఊరంతా కూర్చున్నారు. అధికారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు: "మీరు క్రైస్తవులు. మీకు ఇందులో ఏ పక్షమూ లేదు. అందుకే మీ మాట మీద ఆధారపడుతున్నాను."

కుదరలేదని చెప్పాను. వారం తప్పు, గ్రహణమే లేదు అన్నాను. మరుసటి ఏడు చూడలేదని చెప్పలేదు. ఆయన తల ఊపి పుస్తకం మూశాడు.

అప్పలనాయుడి తల్లి ముందు వరసలో కూర్చుని ఉంది. పెళ్ళయి ఆ ఊరొచ్చిన నాటినుంచీ సాయంత్రం దీపం పెట్టేది ఆవిడే. ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన పని అది. లేచి నా దగ్గరికొచ్చింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అయితే అబద్దమాడినోలు ఎవులు బాబూ? రాణియా? రాసినోడా?"

"ఎవరో ఒకరు పొరబడి ఉంటారమ్మా" అన్నాను.

"మరి మేం ఎలిగించిన దీపం ఎవులిచ్చినట్టు?"

ఎవరో వెనకనుంచి అప్పలనాయుడి మీద అరిచారు. "నువ్వే కదరా ఈ పెద్దమనిషిని తెచ్చినావు! సూడిప్పుడు!" అప్పలనాయుడు లేచి నిలబడ్డాడు. "లెక్క లెక్కేరా. ఆడు నా కోసం తప్పు సెప్తే మంచోడయిపోతాడేటి?" అన్నాడు. నా నిజాయితీకి అతను పూచీపడ్డాడు. నా ముందే, ఊరందరి ముందూ. నేను చెప్పులేసుకుని బస్సుకు నడిచాను.

గుడి పోయింది. రాళ్ళు ఎటు వెళ్ళాయో నాకు తెలియదు. కాలనీలో రంగులేసిన సిమెంటు గుడి వచ్చింది. ముసలావిడ అందులో ఒక్కనాడూ దీపం పెట్టలేదట. 'అది మనకెవులూ ఇయ్యనేదు' అనేదట. కొద్దికాలానికే పోయింది. అప్పలనాయుడు పడవలో ఇవన్నీ మామూలుగానే చెప్పేవాడు. నేను అంకెలు చూస్తూ వినేవాణ్ణి.

ఎనభైలో ఆ పెద్ద సూర్యగ్రహణం పట్టిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీధులన్నీ బోసిపోయాయి. నేను అప్పలనాయుడి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. పక్కన పసుపునీళ్ళ గిన్నెలో సూర్యుణ్ణి చూస్తున్నాం. ఎండ పలచబడి, గోడ మీద నీడలు వింతగా మారాయి. ముసలావిడ పోయి ఎన్నాళ్ళయిందని మాటవరసకు అడిగాను.

"మూడేళ్ళు ఎల్లిపోనాయి బావా. నాలుగోది నడస్తంది" అన్నాడు, గిన్నెలోంచి కళ్ళు తీయకుండానే.

అతను ఏమీ ఉద్దేశించి అనలేదు. మన ఇళ్ళల్లో అందరం అనే మాటే. కానీ నాకు ఆ మడిచిన కాగితం గుర్తొచ్చింది. ఆ మర్నాడు, ఆదివారం, ఆరాధన అయ్యాక, భోజనం చేసి కూర్చుని మరుసటి ఏడు కట్టాను. ఆశ్వయుజ అమావాస్య ఆదివారం. గ్రహణం ఉంది. మన తీరంలో కనబడేదే.

అప్పుడైనా చెప్పానా? లేదు. గుడి ఎలాగూ లేదు, చెప్పి వాళ్ళను మళ్ళీ ఏడిపించడమెందుకు అనుకున్నాను. అది దయ అనుకున్నాను. దయేనా? కాలనీకి వెళ్ళి ఆ మంటపంలో కూర్చున్నవాళ్ళ మొహాలు చూడలేక వెతుక్కున్న మంచి పేరు కాదా?

లెక్క కుదిరినంత మాత్రాన తాటాకులో ఉన్నదంతా నిజమైపోదని నాకు తెలుసు. తర్వాతి కాలంలో గణితం వచ్చినవాడెవడైనా వెనక్కి కట్టి ఆ తేదీ చేర్చి ఉండవచ్చు. ఒక వాక్యం నిలబడినంతలో లక్ష ఏనుగులు నడిచిరావు. పాత మతగ్రంథాన్ని చరిత్రగా చదివేటప్పుడు ఒక్కో వాక్యాన్నీ విడిగా పట్టుకుని చూడాలి. ఇది ఇప్పటికీ నా అభిప్రాయం. నా నేరం తాటాకును పరీక్షించడం కాదు. నా గ్రంథంలో మూడు రోజులు కుదరనప్పుడు, రాసినవాళ్ళ లెక్కపద్ధతి వెతికి తెచ్చి కుదిర్చాను. వాళ్ళ గ్రంథంలో ఒక్క ఏడు కుదరనప్పుడు, పద్ధతి నా ఒళ్ళోనే ఉన్నా చూడలేదు. ఓడకు చూపిన మర్యాద కూడా దానికి చూపలేదు. బకెట్టు దించలేదు. పరీక్ష ఒకటే అయితే రెండు గ్రంథాలకూ ఒకటే ఉండాలి. నేను తూకం మార్చాను. తూకం మార్చి, ఏ పక్షమూ లేనివాడిననిపించుకున్నాను.

దేవుణ్ణి క్షమించమని అడిగాను. అది తేలిక. ఆయన మొహం కనబడదు. అప్పలనాయుడు ఇప్పుడు పడవ మానేసి కాలనీలోనే ఉంటున్నాడు, చూపు మందగించింది. ఇది అచ్చయితే ఎవరైనా చదివి వినిపిస్తారేమో. వినిపిస్తే అతనేమంటాడో నేను ఊహించదలచుకోలేదు. మంచి మాట ఊహించుకుంటే అదీ మోసమే అవుతుంది.

మంటపంలో ముసలావిడ అడిగిన మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. రెండోదానికి ఇప్పటికీ పూర్తిగా లేదు. ఆ దీపం రాణే ఇచ్చిందో, ఇంకెవరిచ్చారో నాకు తెలియదు. కానీ తాటాకు చెప్పిన రోజు ఉందమ్మా. ఆదివారమే. సూర్యుడికి గ్రహణం పట్టింది. రాణి అబద్ధమాడిందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రాసినవాడు ఆడాడనడానికీ లేదు.

అబద్ధమాడింది నేను.