ఫోయిల్ నది బొమ్మ ముందు

నా చిన్నప్పుడు కిటికీ పక్కన కూర్చోనిచ్చేది కాదు మా అమ్మ. ఉత్తర ఐర్లండ్‌లో, ఫోయిల్ నది ఒడ్డున డెర్రీలో ఉండేవాళ్లం. రాజకీయ గొడవల్లో బాంబులు పేలి అద్దాలు రాలిపోతున్న రోజులవి. మా నాన్నగారు నదికి అవతల ఆసుపత్రిలో డాక్టరు.

ఒకరోజు బడి నుంచి వచ్చి పాలు తాగుతుండగా నది వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. వంతెన మూసేశారని రేడియోలో చెప్పారు. నాన్నగారు ఇంటికి బయలుదేరే వేళ అది. ఆసుపత్రికి ఫోను కలవలేదు.

"దారిలో ఉంటార్లే, ఇప్పుడొచ్చేస్తారు" అంటూనే అమ్మ కోటు తొడుక్కుంది. నన్ను పక్కింటి ఆంటీకి అప్పజెప్పి వంతెన వైపు వెళ్లిపోయింది.

ఆంటీ ఒంటరిగా ఉండే ఐరిష్ ముసలావిడ. ఆవిడ వెనక గదిలో మా ఊరి నీటిరంగుల చిత్రం ఒకటి ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో ఐరిష్ చిత్రకారుడు వేసినది. కోటగోడలు, చర్చి శిఖరం, కింద నిండుగా నది, తెరచాప పడవలు. నన్ను దాని ముందు కూర్చోబెట్టింది. అంత ప్రశాంతంగా ఉన్న ఊరిని చూసేసరికి నాకు ఒళ్లు మండింది. అదంతా అబద్ధం, మన ఊరు ఇలా ఉండదని ఏడ్చాను.

ఆవిడ కోప్పడలేదు. ఆ గోడలూ యుద్ధం కోసం కట్టినవేనని, చిత్రకారుడు వచ్చిన రోజున మాత్రం ఊరు అలా ఉండి ఉంటుందని చెప్పింది. నాన్న వస్తారా అని అడిగాను.

"నాకు తెలియదు తల్లీ. తెలిసేదాకా నీ పక్కనే ఉంటాను."

ఆ మాటతో భయం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. కానీ ఆ సాయంత్రం నేను నమ్మగలిగిన మాట అదొక్కటే. తర్వాత ఆవిడ తన సంగతి చెప్పింది. కొన్నేళ్ల కిందట పనికెళ్లిన ఆవిడ తమ్ముడు తిరిగి రాలేదట. వస్తాడు వస్తాడని చెప్పి ఇరుగుపొరుగు ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోతే, తానొక్కతే గుమ్మంలో నిలబడిందట. నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది.

వంతెన మళ్లీ తెరిచాక, చీకటి పడుతుండగా అమ్మానాన్నలు కలిసి వచ్చారు. గాయపడ్డవాళ్లు వస్తూనే ఉండడంతో నాన్నగారు ఆసుపత్రి వదలలేకపోయారట. చొక్కా మీద రక్తం ఆయనది కాదు. సంతోషంతో గంతులేయబోయి, ఆంటీ ముఖం చూసి ఆగిపోయాను.

ఇప్పుడు నేను లీడ్స్‌లో నర్సుని, రిటైర్మెంటు దగ్గరపడింది. "మా ఆయనకేం కాదు కదా సిస్టర్?" అని ఎవరైనా అడిగితే, ఏం కాదనెయ్యడం ఎంతో తేలిక. ఆ మాట పెదవులదాకా వస్తుంది. తెలియనప్పుడు తెలియదనే చెబుతాను. చెప్పి వెళ్లిపోలేను, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. కొన్ని రోజులు షిఫ్టు అయిపోయినా లేవబుద్ధి కాదు.